ఎంఆర్ఐ తీస్తే షంట్ సెట్టింగ్ మారిపోతుందా?

బాబు వాళ్లమ్మ:
మా వాడికి ఆరేళ్లు. తలలో నీరు చేరిందని ఎనిమిదో నెలలో వీపీ షంట్ (ఆ నీటిని పొట్టలోకి దింపే ట్యూబు) వేశారు. పోయినేడు అది మూసుకుపోతే తీసేసి ప్రోగ్రామబుల్ వాల్వ్ (ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలో బయట నుంచే మార్చగలిగేది) పెట్టారు. చెవి వెనక చిక్కుడుగింజంత ఎత్తుగా చేతికి తగులుతుంది. వచ్చే వారం ఎంఆర్ఐ. ఆ వాల్వ్‌ని మార్చేదే అయస్కాంతంతో కదా, మరి అంత పెద్ద మెషిన్‌లోకి పంపితే? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

షంట్‌తో 19 ఏళ్లు:
మోడల్‌ని బట్టి ఉంటుందండీ. కొన్నిటికి లోపల లాక్ ఉంటుంది, వాటి పరికరం పెడితేనే తిరుగుతుంది. కొన్ని మారిపోతాయి. నాది రెండో రకం. ఒకసారి స్కాన్ అయ్యాక చెక్ చెయ్యకుండానే ఇంటికి పంపేశారు. మూడో రోజు నుంచి లేచి కూర్చుంటే తల పగిలిపోయేది, పడుకుంటే పది నిమిషాల్లో హాయి. మైగ్రేన్ అనుకుని వారం మాత్రలు మింగాను, నా తెలివికి! చివరికి చూస్తే 120లో ఉండాల్సింది 70కి దిగింది. నంబర్ తగ్గితే వాల్వ్ తేలిగ్గా తెరుచుకుంటుంది. పైగా నిలబడితే తల నుంచి పొట్ట దాకా ఉన్న ట్యూబు, డ్రమ్ములో వేసిన పైపులా నీటిని కిందికి లాగేస్తుంది. స్కాన్‌కి ముందు నంబర్ ఎంతో రాయించుకోండి, అయ్యాక అదే రోజు మళ్లీ చూపించండి.

లేత్ మెషిన్:
పై సమాధానమే కరెక్ట్. నేను మెకానిక్‌ని, వైద్యం తెలియదు. కానీ 1956లో షంట్ వాల్వ్‌ని గాడిన పెట్టిన జాన్ హోల్టర్ కూడా మెషినిస్టే, అమెరికాలో. కొడుక్కి ఇదే జబ్బు. సిలికాన్ ట్యూబులో సన్నటి చీలికలు, ఒత్తిడి పెరిగితే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి, అంతే! పెద్దవాళ్ల మెదడులో రోజుకి దాదాపు అర లీటరు నీరు ఊరుతుందట. అదంతా గింజంత వస్తువు మీద భారం వేయడమంటే మాటలా.

షంట్‌తో 19 ఏళ్లు:
మరొకటి. వాంతులు, ఆగని తలనొప్పి, లేపినా లేవనంత మత్తు కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, నేరుగా ఎమర్జెన్సీకే. పనిచేస్తోందో లేదో అని వాల్వ్‌ని మీరు నొక్కి చూడొద్దు.

బాబు వాళ్లమ్మ:
నొక్కేదాన్నండీ, ఇక ముట్టను. ఇప్పుడే ఫైల్లోంచి ఇంప్లాంట్ కార్డు తీశాను. మోడల్ పేరు ఉంది. సెట్టింగ్ అని ఉన్న గడి మాత్రం ఖాళీ. పొద్దున్నే సర్జన్ గారికి ఫోన్ చేస్తాను.