పాత మానిటర్‌కి పవర్ సేవింగ్ పెడితే కరెంటు మిగులుతుందా, మానిటరే పోతుందా?

డాబాగార్డెన్స్ డీటీపీ:
షాపులో మూడు మెషీన్లు ఉన్నాయి. ఒకటి పెంటియం త్రీ, విండోస్ 98, 15 అంగుళాల సీఆర్టీ (గాజు ట్యూబు ఉండే పాత లావు మానిటర్). రెండోది పెంటియం ఫోర్, ఎక్స్‌పీ, 17 అంగుళాల సీఆర్టీ. మూడోదీ ఎక్స్‌పీయే, దానికి 17 అంగుళాల ఎల్‌సీడీ. పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లన్నీ వీటిలోనే ఉన్నాయి కాబట్టి ఇప్పట్లో మార్చలేం. పొద్దున్న 9 నుంచి రాత్రి 9 దాకా ఆన్‌లో ఉంటాయి, అందులో సగం సేపు ఖాళీయే. ఇప్పుడు స్క్రీన్ సేవర్ ఒక్కటే పెట్టి ఉంది. పవర్ సేవింగ్ పెడదామంటే ఒకరు "సీఆర్టీకి సిగ్నల్ ఆగితే ఎల్‌ఓటీ (లోపల హై వోల్టేజి తయారు చేసే ట్రాన్స్‌ఫార్మర్) కాలిపోతుంది, స్క్రీన్ సేవరే మేలు" అంటున్నారు. ఇంకొకరు "సెట్టింగులెందుకు, సీట్లోంచి లేచినప్పుడల్లా బటన్ నొక్కి ఆర్పేయండి" అంటున్నారు. ఎవరి మాట వినాలి? పైగా 98 మెషీన్‌లో "టర్న్ ఆఫ్ మానిటర్" అనే వరసే కనిపించడం లేదు.

యూనిట్ల లెక్క:
స్క్రీన్ సేవర్‌తో ఒక్క పైసా మిగలదు సార్. ఎల్‌సీడీ వెనక ట్యూబు వెలుగుతూనే ఉంటుంది, తెర మీద నల్ల బొమ్మ ఉన్నా తెల్ల బొమ్మ ఉన్నా అది తినే కరెంటు దాదాపు ఒకటే. సీఆర్టీలో నల్లగా ఉంటే కాస్త తగ్గుతుంది గానీ హీటరు, డిఫ్లెక్షన్, హై వోల్టేజి అన్నీ నడుస్తూనే ఉంటాయి. త్రీడీ పైపుల్లాంటి సేవర్ పెడితే ప్రాసెసర్ కూడా పని చేస్తుంది, అది అదనపు ఖర్చు.

మీ మెషీన్లకే లెక్క కడదాం. 15 అంగుళాలది 70 వాట్లు, 17ది 90, ఎల్‌సీడీ 35 అనుకోండి. మొత్తం 195. రోజుకి 6 గంటలు ఖాళీ, నెలకి 26 రోజులు అంటే 30 యూనిట్లు. అవే నిద్రలో ఉంటే మూడూ కలిపి 12 వాట్లకు మించవు, అంటే 2 యూనిట్ల లోపు. నెలకి 28 యూనిట్లు ఊరికే పోతున్నాయి. ఈపీడీసీఎల్ బిల్లు మీద ఇప్పుడు మీరు కడుతున్న స్లాబు చూసుకుని గుణించుకోండి.

ఎల్‌ఓటీ వాల్తేరు:
లెక్క బాగుంది. కానీ ఎల్‌ఓటీ భయం ఉత్తి పుకారు కాదు, దాని వెనక ఒకప్పటి నిజం ఉంది. 1993లో మానిటర్ల ప్రమాణాలు పెట్టే వెసా సంస్థ డీపీఎంఎస్ అనే పద్ధతి తెచ్చింది, కంప్యూటర్ తన సిగ్నల్‌తోనే మానిటర్‌ని నిద్రపుచ్చే పద్ధతి అది. అంతకుముందు తయారైన మానిటర్లకు సింక్ సిగ్నల్ (తెర మీద గీతలు ఎప్పుడు మొదలవ్వాలో చెప్పేది) ఆగితే ఏం చేయాలో తెలియదు. వాటిలో కొన్ని తమ సొంత ఫ్రీక్వెన్సీలో నడిచిపోతాయి, హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ మీదా ఎల్‌ఓటీ మీదా భారం పడుతుంది. ఆ కాలం మానిటరైతే పవర్ సేవింగ్ పెట్టొద్దనే నేనూ అంటాను.

డీపీఎంఎస్ ఉన్న మానిటరుకు ఇది వర్తించదు. కంప్యూటర్‌లోని వీడియో కార్డు నుంచి రెండు సింక్ తీగలు వస్తాయి, వీజీఏ ప్లగ్గులో హారిజాంటల్ 13వ పిన్ను, వర్టికల్ 14వ పిన్ను. హారిజాంటల్ ఆగి వర్టికల్ వస్తుంటే స్టాండ్‌బై. హారిజాంటల్ వస్తూ వర్టికల్ ఆగితే సస్పెండ్. రెండూ ఆగితే ఆఫ్. మానిటర్ లోపలి కంట్రోలర్ అది చూసి హై వోల్టేజిని తానే పద్ధతిగా దించుతుంది. ఆఫ్‌లో సాధారణంగా హీటరు కూడా ఆరిపోతుంది.

మీ మానిటర్‌కి ఈ తెలివి ఉందో లేదో ఇలా చూడండి. మానిటర్ ఆన్‌లోనే ఉంచి, కేబుల్ కదపకుండా, కంప్యూటర్‌ని మాత్రం షట్‌డౌన్ చేయండి. కొన్ని సెకన్లలో ముందు లైటు పచ్చ నుంచి నారింజకి మారినా, మిణుకు మిణుకుమన్నా డీపీఎంఎస్ ఉన్నట్టే. కేబుల్ పీకి చూడొద్దు. చాలా మానిటర్లు అప్పుడు "నో సిగ్నల్" బొమ్మ చూపిస్తూ నిద్రపోకుండా కూర్చుంటాయి, మీరు లేదనుకుంటారు. కంప్యూటర్ బూటయ్యేటప్పుడు మూలన కనిపించే ఎనర్జీ స్టార్ గుర్తు మదర్‌బోర్డుది, దాన్ని చూసి మానిటర్ గురించి తేల్చుకోవద్దు.

పాత బయాస్:
98లో ఆ వరస కనిపించకపోవడానికి కారణం మానిటర్ "అన్‌నోన్"గా పడి ఉండటం. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, మానిటర్ ట్యాబ్. అక్కడ ఛేంజ్ నొక్కి మీ మోడల్ ఎంచుకోండి, అది లేకపోతే స్టాండర్డ్ మానిటర్ టైప్స్‌లో 1024 బై 768 వరకు ఉన్నది తీసుకోండి. మీ మానిటర్ తట్టుకోలేని రిఫ్రెష్ రేటు మాత్రం పెట్టకండి. తర్వాత అదే ట్యాబ్‌లో "మానిటర్ ఈజ్ ఎనర్జీ స్టార్ కంప్లయంట్" గడికి టిక్ పెట్టి ఓకే. ఇప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ఆ వరస వస్తుంది. అందులో సిస్టమ్ స్టాండ్‌బై, హార్డ్ డిస్క్ రెండూ నెవర్‌లోనే ఉంచండి. ఆ కాలం బోర్డుల్లో 98 నిద్రలోకి వెళ్లి లేవకపోవడం మామూలే, సేవ్ చేయని పేజీ పోతుంది. మనం అడుగుతున్నది మానిటర్ ఒక్కదాన్నే.

బయాస్ సంగతి కూడా చూడాలి. బయాస్ అంటే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాము, కంప్యూటర్ ఆన్ అవుతుండగానే డిలీట్ కీ కొట్టి అందులో పవర్ మేనేజ్‌మెంట్ సెటప్‌లోకి వెళ్లండి. అవార్డ్ బయాస్ అయితే పవర్ మేనేజ్‌మెంట్ దగ్గర యూజర్ డిఫైన్, పీఎం కంట్రోల్ బై ఏపీఎం దగ్గర "ఎస్" పెట్టండి. డోజ్, స్టాండ్‌బై, సస్పెండ్, హెచ్‌డీడీ పవర్ డౌన్ నాలుగూ డిసేబుల్. వీడియో ఆఫ్ మెథడ్ దగ్గర డీపీఎంఎస్ పెట్టండి. అక్కడ "బ్లాంక్ స్క్రీన్" ఉంటే తెర నల్లబడుతుంది గానీ సింక్ వస్తూనే ఉంటుంది, కరెంటు తగ్గదు. టైమర్ ఒక్క చోటే ఉండాలి, అది విండోస్‌లో ఉండాలి. బయాస్‌లో ఒకటి, విండోస్‌లో ఒకటి పెడితే టైపు చేస్తుండగానే తెర ఆరిపోయే గొడవలు వస్తాయి.

ఎక్స్‌పీలో పని తేలిక. స్క్రీన్ సేవర్ ట్యాబ్‌లో సేవర్ "నన్" (ఏదీ వద్దు) చేసి, కింద పవర్ బటన్ నొక్కి, టర్న్ ఆఫ్ మానిటర్ దగ్గర నిమిషాలు ఇవ్వండి.

గాజువాక హార్డ్‌వేర్:
అందరూ పుస్తకం ప్రకారం చెబుతున్నారు, మన ఊరి గాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. సీఆర్టీ పక్కన రబ్బరు టోపీ కింద ఉండేది 25 వేల వోల్టుల దాకా. విశాఖ గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉన్నాయి. లోపల పేరుకున్న దుమ్ము ఆ ఉప్పు తేమని పీల్చి కరెంటు పారే పొరలా తయారవుతుంది. మానిటర్ వెచ్చగా ఉన్నంతసేపు ఎండి ఉంటుంది. చల్లారాక వానల్లో మళ్లీ ఆన్ చేస్తే టోపీ దగ్గర సుయ్‌మని చప్పుడు, ఓజోన్ వాసన. కాబట్టి జూన్ నుంచి నవంబర్ దాకా పగటి పూట సీఆర్టీని నిద్రపుచ్చకండి, బ్రైట్‌నెస్ తగ్గించి నల్ల తెర పెట్టుకుంటే చాలు. 28 యూనిట్ల కోసం మానిటర్ పోగొట్టుకుంటే దొరికే చోటు లేదు గురూ.

ఎల్‌ఓటీ వాల్తేరు:
గాజువాక తమ్ముడు చెప్పిన తేమ నిజం, చెప్పిన మందు మాత్రం తప్పు. పగటి పూట అరగంట నిద్రపోతే సీఆర్టీ లోపల తేమ పట్టేంత చల్లారదు. ఆ ప్రమాదం రాత్రంతా ఆరిపోయి పొద్దున్న ఆన్ చేసినప్పుడే, మీరు పగలంతా వెలిగించి ఉంచినా అది మారదు. ఇక ఆ వేడి ఊరికే రాదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. ఎల్‌ఓటీ కాళ్ల దగ్గర డ్రై సోల్డర్ (టంకం వదులవడం) వచ్చేదీ రోజూ కాగి కాగి. దుమ్మే అసలు దొంగ అయితే దుమ్మే తీయాలి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, విప్పకుండా వెనక రంధ్రాల నుంచి బ్లోయర్ కొట్టండి. మూత విప్పే పని అలవాటున్న మెకానిక్‌దే, ప్లగ్గు పీకాక కూడా ట్యూబులో చార్జి నిలిచి ఉంటుంది.

బటన్ సంగతి కూడా అడిగారు. పాత 15 అంగుళాల వాటిలో ముందు బటన్ నిజమైన మెయిన్స్ స్విచ్చే, లోపలికి దిగి నిలుస్తుంది. రోజుకి పదిసార్లు నొక్కితే కాంటాక్టులు కాలతాయి. పైగా ప్రతిసారీ డీగాస్ కాయిల్‌లోకి (ట్యూబుకి పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టే తీగచుట్ట) ఒక్కసారిగా పెద్ద కరెంటు వెళుతుంది, టంగుమనేది అదే. దాన్ని రాత్రి షాపు కట్టేటప్పుడే వాడండి.

గాజువాక హార్డ్‌వేర్:
దుమ్ము మాట ఒప్పుకుంటాను అన్నా. కానీ సముద్రం వైపు కిటికీ ఉన్న షాపుల్లో నా మాట నాదే. తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, 2014 హుద్‌హుద్ అప్పటిలా, కరెంటు రాగానే సీఆర్టీ ఆన్ చేయకండి. ముందు ఫ్యాను గాలి కొన్ని గంటలు తగలనివ్వండి.

సీతమ్మధార పెంగ్విన్:
నిమిషాల గురించి ఎవరూ తేల్చలేదు. ఎల్‌సీడీ వెనక సీసీఎఫ్‌ఎల్ ట్యూబు వెలిగేటప్పుడు మామూలు నడకకంటే చాలా ఎక్కువ వోల్టేజి కావాలి, వెలిగిన ప్రతిసారీ దాని ఎలక్ట్రోడ్ కొంచెం అరుగుతుంది. రెండు నిమిషాలకే ఆర్పితే అరుగుదల ఎక్కువ, ఆదా తక్కువ. 10 నుంచి 15 మధ్య పెట్టండి. ఎల్‌ఈడీ మానిటరైతే ఈ లెక్కే అక్కర్లేదు, 5 చాలు. లైనక్స్ వాడేవారికి టెర్మినల్‌లో xset dpms 600 900 1200 అని ఇస్తే సరి. ఆ అంకెలు సెకన్లు, వరసగా స్టాండ్‌బై, సస్పెండ్, ఆఫ్.

యూనిట్ల లెక్క:
సీఆర్టీకి 20 పెడితే డీటీపీ షాపులో పెద్దగా మిగలదు. గిరాకీకి గిరాకీకి మధ్య ఖాళీ చాలాసార్లు పావుగంటే ఉంటుంది. అందుకే 10.

ఎల్‌ఓటీ వాల్తేరు:
10కి నేను ఒప్పుకోను. చల్లని హీటరుకి రెసిస్టెన్సు తక్కువ, ఆన్ కాగానే ఎక్కువ కరెంటు లాగుతుంది. గంటకి నాలుగుసార్లు అలా కొట్టడం పాత ట్యూబుకి మంచిది కాదు. 17కి 20 నిమిషాలు, 15కి కూడా అంతే. మధ్యాహ్నం భోజనం వేళ ఎలాగూ గంట దొరుకుతుంది, అసలు ఆదా అక్కడే.

డాబాగార్డెన్స్ డీటీపీ:
సీఆర్టీలకు 20, ఎల్‌సీడీకి 10 పెట్టాను. షట్‌డౌన్ పరీక్షలో రెండు సీఆర్టీల లైటూ నారింజకి మారింది. కానీ 98లో తెర నల్లబడినా లైటు పచ్చగానే ఉంటోంది. ఎక్స్‌పీ సీఆర్టీ ఆరుతుంది, రెండు నిమిషాలకే దానంతట అదే వెలుగుతోంది. యూపీఎస్ 600 వీఏ, అది కూడా చూడాలా?

పాత బయాస్:
98లో డిస్‌ప్లే అడాప్టర్ పేరు చూడండి. "స్టాండర్డ్ వీజీఏ" అని ఉంటే కార్డు అసలు డ్రైవర్ పడలేదు, అది లేకుండా సింక్ ఆపడం రాదు. డ్రైవర్ సరిగ్గానే ఉంటే వీడియో ఆఫ్ మెథడ్ ఇంకా బ్లాంక్ స్క్రీన్‌లో ఉందేమో చూడండి. మధ్యలో ఎక్స్‌టెన్షన్ కేబుల్ గానీ స్విచ్ బాక్స్ గానీ ఉంటే తీసి నేరుగా పెట్టండి. వాటిలో 12, 15 పిన్నులు లేకపోతే మానిటర్ తన వివరాలు కార్డుకి చెప్పుకోలేదు.

ఎక్స్‌పీ దానికి అనుమానం మౌస్ మీదే. ఆప్టికల్ మౌస్ గాజు బల్ల మీదో, మెరిసే ఫ్లెక్సీ ముక్క మీదో ఉంటే ముట్టుకోకపోయినా పాయింటర్ వణుకుతుంది. రాత్రి ఒకసారి మౌస్‌ని తిరగేసి పెట్టి చూడండి, తెర ఆరిపోయి అలాగే ఉంటే దొంగ దొరికినట్టే. కింద మామూలు తెల్ల కాగితం వేస్తే సరిపోతుంది.

ఎల్‌ఓటీ వాల్తేరు:
యూపీఎస్ తప్పక చూడాలి. 600 వీఏ దాంట్లో ఉండేది సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, కాగితం మీద 84 వాట్ అవర్లు, చేతికొచ్చేది ఇంకా తక్కువ. 90 వాట్ల మానిటర్ నిద్రపోతే కరెంటు పోయినప్పుడు ఫైలు సేవ్ చేసుకునే సమయం పెరుగుతుంది. ఒక్క జాగ్రత్త: కరెంటు లేనప్పుడు మానిటర్‌ని బటన్‌తో ఆర్పి వెలిగించకండి. డీగాస్ లాగుడుకి చిన్న యూపీఎస్ ఓవర్‌లోడ్ అని కూసి మొత్తం ఆర్పేస్తుంది, సీపీయూతో సహా. నిద్ర నుంచి లేచేటప్పుడు కూడా టంగుమనే మోడల్ అయితే ఆ సీఆర్టీ ప్లగ్గు యూపీఎస్ నుంచి తీసి గోడకి మార్చండి. ఎల్‌సీడీ ఉన్న మెషీన్‌నే యూపీఎస్ మీద ఉంచి, కరెంటు పోయాక చేయాల్సిన పని దాని మీద చేసుకోండి.