ఆత్మకథలో తప్పులు ఎంచవచ్చా?

చదువరి:
నిన్న ఒక సమీక్ష చూశాను. తండ్రి తాగుడు, తల్లి తిన్న దెబ్బలు, చివరికి ఇల్లు వదిలి వెళ్లిపోయిన కూతురు రాసుకున్న ఆత్మకథ మీద. "మధ్యలో సాగదీశారు, అన్న పాత్ర తేలిపోయింది" అని రాశారు. అంత పడ్డ మనిషి బతుకులో పాత్ర ఏంటి, సాగదీత ఏంటి? నవలకైతే సరే, ఆత్మకథకి కూడా ఇలా మార్కులు వేస్తారా?

కిటికీపక్క:
వేయాలి. ఆ పుస్తకం నేనూ చదివాను. అన్న మొత్తం నాలుగుసార్లు కనిపిస్తాడు, నాలుగుసార్లూ గుమ్మంలో నిలబడి అరుస్తూనే ఉంటాడు, ఏం పని చేస్తాడో, తండ్రి దెబ్బలు అతనికీ పడ్డాయో లేదో ఒక్క వాక్యం లేదు. అదే పుస్తకంలో తల్లి పగిలిన గ్లాసు పెంకుల్ని తడిగుడ్డతో ఒక్కొక్కటే అద్ది తీస్తుంది, పొద్దున్నే పిల్లలు ఉత్తకాళ్లతో లేస్తారని. అది రాయగలిగిన మనిషి అన్నని ఎందుకు చూడలేదని అడిగితే ఆమె బాధని తక్కువ చేసినట్టా? పాపం అని వదిలేస్తేనే ఆమెని రచయిత్రిగా లెక్కచేయనట్టు.

పైగా నిజమని చెప్పి అమ్మినప్పుడు ఆ నిజాన్నీ అడగాలి. అమెరికా రచయిత జేమ్స్ ఫ్రే 2003లో జ్ఞాపకాల పుస్తకం వేశాడు. దాదాపు మూడు నెలలు జైల్లో ఉన్నానని చెప్పుకున్నాడు, ఉన్నది కొన్ని గంటలేనని 2006లో బయటపడింది. కొన్నవాళ్లకి డబ్బు వెనక్కిస్తామని ప్రచురణకర్తలు ప్రకటించాల్సొచ్చింది.

అరలోపుస్తకం:
మా అక్క రాసిన పుస్తకంలో నేనున్నాను. అమ్మ పోయిన రోజు "తమ్ముడు ఫోన్ పెట్టేశాడు" అని ఒక్క లైను. పెట్టేసిన మాట నిజమే. నా ఏడుపు వినపడకూడదని పెట్టేశాను, అది అక్కకి తెలీదు. ఒక సమీక్షలో "మనసు లేని తమ్ముడు" అని రాశారు, అక్క ఎక్కడా ఆ మాట అనలేదు. రాత గురించి ఎంతైనా అనండి, మా మీద మాత్రం తీర్పులు చెప్పకండి.

కిటికీపక్క:
మీది చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. మీరన్నది నిజం. పుస్తకం ఆ అన్నని ఎంతవరకు చూపించిందో చెప్పగలను గానీ, అతను ఎలాంటివాడో చెప్పడానికి నేనెవర్ని? పోయినేడాది నేనే ఒక సమీక్షలో "స్వార్థపరురాలైన తల్లి" అని రాశాను. ఇప్పుడే వెళ్లి "తల్లిని స్వార్థపరురాలిగా చూపించారు" అని మార్చాను. రెండు మాటలే తేడా, కానీ ఆవిడ ఎక్కడో ఉండే ఉంటుంది కదా, చదివే ఉంటుంది.

చదువరి గారూ, నవలకైతే సరే అన్నారు, అక్కడ మాత్రం మీతో ఏకీభవించలేను. నార్వే రచయిత క్నావుస్‌గోర్ సొంత తండ్రి గురించి, ఇంటివాళ్ల గురించి రాసిన ఆరు సంపుటాలూ నవల పేరుతోనే వచ్చాయి. అయినా తండ్రి తరఫు బంధువులు కోర్టుకి వెళ్తామన్నారు. అట్ట మీద నవల అని ఉన్నంత మాత్రాన లోపలున్నవాళ్లకి బాధ తగ్గదు.

అరలోపుస్తకం గారూ, ఆ ఫోన్ సంగతి అక్కకి ఇప్పుడైనా చెప్పారా?