మా బావకి ఐపీఏ అలవాటు చేయడం ఎలా?

చీరాల కుర్రాడు:

బెంగళూరు వచ్చి ఆరేళ్ళయింది. మొదటి రెండేళ్ళు నాకు బీరంటే స్ట్రాంగే, అదీ పళ్ళు జివ్వుమనేంత కూలింగ్ ఉండాలి. తర్వాత ఒక శుక్రవారం ఆఫీసువాళ్ళు మాగ్రత్ రోడ్డులోని ఆర్బర్ అనే బీరు పబ్‌కి లాక్కెళ్ళి రేజింగ్ ఎలిఫెంట్ అనే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు రకం బీరు) తాగించారు. మొదటి గుటకకి మొహం ముడుచుకుపోయింది. సగం గ్లాసు అయ్యేసరికి, బత్తాయి తొక్క గిల్లినప్పుడు వేళ్ళకి అంటుకునే వాసన ఒకటి ముక్కుకి తగిలింది. అదేంటో పట్టుకుందామని ఇంకో గుటక, ఇంకో గుటక. ఇప్పుడు జీతం పడిన వారం మహదేవపుర నుంచి ఆ ట్రాఫిక్‌లో పడి మరీ అక్కడికే వెళ్తాను.

మొన్న మా బావ పెళ్ళి పనిమీద ఇక్కడికొచ్చాడు. మెట్రోలో దారి పొడుగునా ఆ బీరు గురించి ఊదరగొట్టి తీసుకెళ్ళాను. నంజుకోవడానికి చిల్లీ చికెన్ చెప్పాం. బావ ఒక్క గుక్క తాగి గ్లాసు నా వైపు జరిపాడు. "ఏందిరా బామ్మర్దీ, వేపాకు కషాయానికి ఇన్ని వందలా?"

విచిత్రమేంటంటే ఈయన వారానికి మూడుసార్లు కాకరకాయ వేపుడు తినే మనిషి. మా అక్క ఉగాది పచ్చడిలో వేపపువ్వు తక్కువైతే ఊరుకోడు.

నేనూ తగ్గలేదు. "ఇది మన దేశం కోసమే కనిపెట్టిన బీరు బావా, ఓడలో ఆరు నెలలు పాడవకుండా హాప్స్ అనే చేదు పువ్వులు దండిగా దట్టించారు" అని చరిత్ర చెప్పాను. ఎరువుల కొట్టు నడిపే మనిషి, లెక్క వదలడు కదా. "అప్పుడంటే ఓడ కోసం వేశారు. ఇప్పుడు ఈ వీధిలోనే కాచి ఈ వీధిలోనే పోస్తున్నారు. ఇంకా ఎందుకు వేస్తున్నారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

దసరాకి మళ్ళీ వస్తున్నాడు. జవాబూ కావాలి, ఉపాయమూ కావాలి.

మాల్టు మేస్త్రి:

మీ బావగారు అడిగింది సరైన ప్రశ్న. ఇప్పుడు హాప్స్ వేసేది నిల్వ కోసం కాదు, ముఖ్యంగా వాసన కోసం. నేను మూడేళ్ళు ఒక బ్రూవరీలో పనిచేశాను కాబట్టి కొంచెం చెప్తాను.

హాప్స్ అంటే ఒక తీగకి కాసే పచ్చటి పువ్వులు. మన దగ్గర హిమాచల్‌లోని లాహౌల్‌లో కూడా పండించారు. గంటసేపు మరిగిస్తే వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు రూపు మారి చేదు దిగుతుంది, కానీ వాసననిచ్చే నూనెలు ఆవిరైపోతాయి. అందుకే మరుగు ఆగేముందు కొన్ని వేస్తాం, పులిసిన తర్వాత చల్లటి ట్యాంకులో ఇంకొన్ని వేస్తాం. ఆ చివరి దాన్నే డ్రై హాపింగ్ అంటారు. మీకు తగిలిన బత్తాయి తొక్క వాసన ఎక్కువగా అక్కడిదే. పులుసు దించాక కొత్తిమీర చల్లుతారే, అదే లెక్క.

చేదుని ఐబీయూ అనే కొలతలో చెప్తారు. అమెరికన్ లైట్ లాగర్‌లాంటి తేలిక బీర్లలో అది 20 లోపే ఉంటుంది. అమెరికన్ పద్ధతి ఐపీఏలో 40 నుంచి 70 దాకా వెళ్తుంది. స్ట్రాంగ్ తాగే నోటికి అది చెంపదెబ్బే.

అసలు తప్పు మీరు చేశారు. చిల్లీ చికెనా! ఆల్కహాలు మిరప మంటని ఎగదోస్తుంది, దానికి చేదు తోడైతే నోట్లో రెండూ కొట్టుకుంటాయి. ఈసారి వేయించిన చేపో, ఉప్పు పల్లీలో చెప్పండి. ముందు గోధుమ బీరు ఇప్పించండి, తర్వాత ఐపీఏ చిన్న గ్లాసులో. వచ్చిన వెంటనే తాగనివ్వకండి. పది నిమిషాలు ఆగాలి. మరీ చల్లగా ఉంటే వాసన లేవదు, చేదు ఒక్కటే మిగులుతుంది.

వైట్‌ఫీల్డ్ వాసి:

బావని మార్చడం దేనికి బ్రో? ఆయన స్ట్రాంగ్ ఆయన్ని తాగనీ. నీ గ్లాసు నీకు మిగులుతుంది, బిల్లూ తగ్గుతుంది.

పాత కాగితాలు:

ఆ ఓడ కథలో చిన్న సవరణ. లండన్ తూర్పున బో అనే చోట హాడ్జ్‌సన్ బ్రూవరీ ఉండేది. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే రేవుకి దగ్గర. కెప్టెన్లకి అప్పు మీద సరుకిచ్చేవాడు, వాళ్ళు తెచ్చి ఇక్కడ అమ్ముకునేవాళ్ళు. ఆయన మన కోసం కొత్తగా ఏదీ కనిపెట్టలేదు, అప్పటికే అక్కడున్న పేల్ ఏల్ అనే లేత రంగు బీరునే పంపాడు. హాప్స్ నిల్వకి పనికొస్తాయన్న మాట నిజమే, కానీ నల్లటి పోర్టర్ బీరు కూడా ఓడల్లో బాగానే వచ్చేది. 1820లలో ఇంగ్లండ్‌లోనే బర్టన్ అనే ఊరివాళ్ళు ఈ వ్యాపారంలోకి దిగారు. అక్కడి నీళ్ళలో జిప్సం ఎక్కువ, హాప్స్ చేదు శుభ్రంగా పలుకుతుంది. జిప్సం అంటే మీ బావగారికి వేరే చెప్పాలా, వేరుశనగ రైతులకి బస్తాలు అమ్మే ఉంటారు!

చీరాల కుర్రాడు:

దసరా అయింది, రిపోర్టు ఇస్తున్నా.

జిప్సం మాట బ్రహ్మాండంగా పనిచేసింది. "నిజమా, జిప్సమా!" అని బావ గ్లాసు వైపు మొదటిసారి మర్యాదగా చూశాడు. మేస్త్రి గారు చెప్పినట్టే ముందు గోధుమ బీరు, ఉప్పు పల్లీలు. తర్వాత ఐపీఏ పెట్టించి, పది నిమిషాలు ముట్టుకోనివ్వకుండా మా అక్క సంగతులు అడుగుతూ కూర్చోబెట్టాను. తాగేముందు వాసన చూడమన్నాను.

చూశాడు. మళ్ళీ చూశాడు. "బత్తాయి కాదురా, దబ్బకాయ" అన్నాడు.

నాలుగేళ్ళుగా తాగుతున్నాను, నాకు తట్టలేదు. దబ్బకాయే.

సగం తాగి మిగతాది నాకు తోశాడు, చేదు ఇంకా ఎక్కువేనట. క్యాబ్‌లో ఇంటికొచ్చాం. ఊరెళ్ళిన నాలుగో రోజు ఫోన్ చేశాడు. "ఆ ఏనుగు బీరు ఉందా అని మన వైన్ షాపులో అడిగానురా. వాడు నన్ను ఎగాదిగా చూసి, పొద్దున్నే మొదలెట్టారా అన్నాడు."