పండగ పూట టీవీ: అప్పుడేం చూశారు, ఇప్పుడేం చూస్తున్నారు?

తెనాలి_టీచర్

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పండగ రోజు టీవీ పొద్దున్నే మొదలై రాత్రి దాకా మోగుతూనే ఉంటుంది. కూర్చుని చూసేవాళ్లే లేరు. సంక్రాంతికి ఒక ఛానల్లో ‘వరల్డ్ టెలివిజన్ ప్రీమియర్’ అని వారం ముందు నుంచీ ఊదరగొట్టారు. అది థియేటర్లో ఆడింది, ఓటీటీలోకి వచ్చింది, మా పిల్లలు ఫోన్లో చూసేశారు కూడా. ఇంక ప్రీమియర్ ఎవరికి?

అదే శ్రీరామనవమి నాడు భద్రాచలం కల్యాణం వస్తుంటే మాత్రం వంటింట్లో ఉన్నవాళ్లు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటారు. ఆ నిమిషానికి అక్కడ జరుగుతున్నదాన్ని చూపిస్తే మనం ఇప్పటికీ చూస్తున్నాం, ఎప్పుడైనా చూడొచ్చు అనుకున్నదాన్ని ఎప్పటికీ చూడటం లేదు. నాకైతే అలా అనిపిస్తోంది. మీ ఇళ్లల్లో ఎలా ఉంది? పాత సంగతులూ చెప్పండి, ఇప్పుడు ఏం చేస్తే బాగుంటోందో అదీ చెప్పండి.

రాజమండ్రి_రేవు

టీచర్ గారూ, మంచి విషయం ఎత్తారు. నా లెక్కలో పండగ టీవీ అంటే వినాయక చవితి పందిట్లో డెక్కు, అంటే క్యాసెట్లు వేసే వీసీఆర్. ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

వీధిలో చందాలు వేసుకుని కలర్ టీవీ, వీసీఆర్ అద్దెకి తెచ్చేవాళ్లు. దుప్పటి చుట్టి రిక్షాలో వచ్చేది టీవీ. దాన్ని ఇద్దరు పట్టుకుని దింపి బల్ల మీద పెట్టేదాకా పిల్లలం ఊపిరి బిగబట్టుకుని చూసేవాళ్లం. రాత్రికి మూడు సినిమాలు. మొదటిది పౌరాణికం అయి తీరాలి, అది పెద్దవాళ్ల పట్టు. రెండోది కుటుంబ కథ. ఆడవాళ్లు, చిన్నపిల్లలు ఇళ్లకి వెళ్లాక మూడోది ఫైటింగ్ సినిమా. మధ్యలో బొమ్మ మీద గీతలు పడితే ‘హెడ్డుకి మురికి పట్టింది’ అని డెక్కు అబ్బాయి మూత తీసి, తెల్ల కాగితం స్పిరిట్‌లో ముంచి తుడిచేవాడు. ఆ ఐదు నిమిషాలూ పందిరంతా అతని చేతుల వంకే చూసేది. కరెంటు పోతే ఎవరూ లేచి వెళ్లేవాళ్లు కాదు, వచ్చేదాకా చాపల మీదే కబుర్లు.

మీరన్న కల్యాణం సంగతికి వస్తే, టీవీ కంటే ముందు మాకు రేడియో ఉంది. ఉషశ్రీ గారి వ్యాఖ్యానం వింటుంటే మండపం, తలంబ్రాల పళ్లెం, జనం, అన్నీ కళ్ల ముందు కనిపించేవి. టీవీ వచ్చాక చూడటం దొరికింది, కానీ అలాంటి మాట తక్కువైంది. ఇప్పుడు కొన్ని ఛానళ్లలో వ్యాఖ్యాత జీలకర్ర బెల్లం గురించి చెప్పాల్సిన చోట వచ్చిన మంత్రుల పేర్లు చదువుతున్నాడు.

ఓరుగల్లు_తంగేడు

మా దిక్కు దసరా అంటే ముందు బతుకమ్మ. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు సాయంత్రమైతే ఆడవాళ్లు ఇంట్లో ఎక్కడుంటారు, టీవీ చూడటానికి? కాబట్టి టీవీ మా పండగను చెడగొట్టిందన్న మాట నేను ఒప్పుకోను.

మారింది వేరే. ఇదివరకు పాట మా అమ్మమ్మ ఎత్తుకుంటే మేమంతా కోరస్ అందుకునేవాళ్లం. ఇప్పుడు ఏటా కొత్త బతుకమ్మ పాటలు యూట్యూబ్‌లో వస్తున్నాయి, వాటిని స్పీకర్లో పెట్టి దాని చుట్టూ తిరుగుతున్నారు. కొన్ని నిజంగా బాగున్నాయి, నేనూ వింటాను. కానీ డీజే మోగుతుంటే అమ్మమ్మ పాత పాట ఎత్తుకుందామన్నా ఆమె గొంతు ఎవరికీ వినపడదు. పోయినేడు మా గల్లీలో మేం కొందరం అడిగి మరీ మొదటి అరగంట స్పీకర్ ఆపించాం. ముసలివాళ్లు ఎంత సంతోషపడ్డారో చెప్పలేను. మీ దగ్గరా అడిగి చూడండి.

నెల్లూరు_రొట్టెలు

ఉగాది పంచాంగ శ్రవణం గురించి ఒక మాట. ఇదివరకు రేడియోలోనో దూరదర్శన్‌లోనో ఒకరు చదివేవారు, మేషం నుంచి మీనం దాకా ఇంటిల్లిపాదీ వినేవాళ్లం. నాన్నది ఏ రాశి, అత్తది ఏ రాశి, ఎవరికి ఆదాయం ఎంత వ్యయం ఎంత, ఎవరికి అవమానం ఎక్కువ, అన్నీ తెలిసేవి. వాటి మీద సాయంత్రం దాకా వాదనలు. ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్లు వాళ్ల రాశి ఒక్కటీ వెతుక్కుని వింటున్నారు. మా అబ్బాయికి వాళ్లమ్మ రాశి ఏదో తెలియదు.

అలాగే ఉగాది కవి సమ్మేళనం. రేడియోలో, దూరదర్శన్‌లో ప్రసారమయ్యేది. ప్రైవేటు ఛానళ్లు ఇన్ని వచ్చాయి, ఒక్కరికైనా ఆ రోజు ఒక గంట కవులకి ఇద్దామనిపించదా? బాధగా ఉంటుంది.

ఎడిటింగ్_టేబుల్

నేను ఛానళ్లకి పండగ ఈవెంట్లు ఎడిట్ చేస్తాను. లోపలి సంగతి చెబితే మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

సంక్రాంతి ఈవెంట్ సంక్రాంతికి చాలా ముందే హైదరాబాద్‌లో స్టూడియో ఫ్లోర్ మీద షూట్ అయిపోతుంది. పూరిల్లు సెట్, గడ్డివాము, ముగ్గులు. చప్పట్లు కొట్టే ఆడియెన్స్‌లో చాలామంది రోజు కూలికి వచ్చినవాళ్లు. ఇక అక్కడి నుంచి మా పని. ముందు ప్రోమో కట్ చేయమంటారు. ఏడుపు, గొడవ, డైలాగ్, ఏది గట్టిగా ఉంటే అది ప్రోమోలోకి. ప్రోమో యూట్యూబ్‌లో పెడతారు. పండగ రోజు ప్రసారమైన వెంటనే అదే ఎపిసోడ్‌ని ముక్కలు చేసి మళ్లీ యూట్యూబ్‌లో పెడతారు. అంటే మేం కట్ చేసేటప్పుడే ప్రతి ముక్కా విడిగా నిలబడాలని చూస్తాం. మూడు గంటలు వరసగా కూర్చుని చూసే మనిషి కోసం ఆ ప్రోగ్రాం తయారు కావడం లేదు. టీచర్ గారింట్లో ఎవరూ కూర్చోకపోవడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి కూడా ఉంది. సెట్‌కి గంగిరెద్దుల వాళ్లనీ హరిదాసులనీ నిజంగా పిలిపిస్తారు. పండగ నెలలో వాళ్లకి ఆ డబ్బు అక్కరకొస్తుంది. కానీ వాళ్ల పాట ఎప్పుడూ పూర్తిగా పడదు. యాంకర్ వచ్చేలోపు కొన్ని సెకన్లు, అంతే. నేను ఒకసారి హరిదాసు కీర్తన మొత్తం ఉంచి పంపాను. పై నుంచి ‘స్లో అయింది, తగ్గించు’ అని వచ్చింది. అది మళ్లీ కత్తిరించాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

డల్లాస్_తెలుగు

భద్రాచలం కల్యాణం జరిగే అభిజిత్ లగ్నం అంటే అక్కడ మిట్ట మధ్యాహ్నం, ఇక్కడ డల్లాస్‌లో అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. అయినా మా ఆవిడా నేనూ మేలుకుని చూస్తాం. పొద్దున్నే యూట్యూబ్‌లో వెనక్కి జరిపి చూడొచ్చని మా స్నేహితులంటారు. నిజమే, చూడొచ్చు. కానీ జీలకర్ర బెల్లం పెట్టే వేళకి ఊళ్లో మా అమ్మ వీడియో కాల్‌లో ఉంటుంది, ఆవిడ టీవీలో మంగళవాయిద్యాలు మాకు ఫోన్లో వినిపిస్తుంటాయి, ఇద్దరం ఒకేసారి అక్షింతలు వేసుకుంటాం. పొద్దున చూస్తే అమ్మ ఉండదుగా.

యూట్యూబ్ లైవ్ మామూలు టీవీ కంటే కాస్త ఆలస్యంగా వస్తుంది. అందుకని మేం అమ్మ టీవీ శబ్దాన్నే నమ్ముకుంటాం.

తెనాలి_టీచర్

ఎడిటింగ్ టేబుల్ గారూ, మీరు చెప్పింది చదివాక నా అనుమానం తీరింది. డల్లాస్ తమ్ముడూ, 2020 నవమి గుర్తొచ్చింది. ఏప్రిల్ 2న, లాక్‌డౌన్. భక్తులు లేకుండా గుడిలోనే కల్యాణం చేశారు. ఏటా మిథిలా స్టేడియంలో కిక్కిరిసిన జనాన్ని చూసిన కళ్లతో ఆ ఖాళీని చూస్తుంటే మా అత్తగారు కన్నీళ్లు పెట్టుకున్నారు. అంతకు కొద్ది రోజుల ముందే దూరదర్శన్ పాత రామాయణం మళ్లీ మొదలుపెట్టింది. 1987లో ఆదివారం పొద్దున్న చూసిన అదే సీరియల్. అప్పుడు హిందీ రాక బొమ్మలు చూసి కథ అల్లుకున్నాం, ఈసారి మా అమ్మాయి పక్కన కూర్చుని అత్తగారికి మాట మాటా తెలుగులో చెప్పింది.

కేబుల్_మామ

చాలా ఏళ్లుగా కేబుల్ నడుపుతున్నాను. పండగ రోజు మాకు సెలవు లేదు, ఆ రోజే ఫోన్లు ఎక్కువ.

ఒకప్పుడు మా లోకల్ ఛానలే ఊరికి పండగ. మన గుడి ఉత్సవం, మన కాలేజీ గ్రౌండ్లో ముగ్గుల పోటీ, మన పిల్లల డాన్సు, కింద స్క్రోలింగులో ఊరి పెద్దల శుభాకాంక్షలు. ‘మా అమ్మాయి ముగ్గు సరిగ్గా కనపడలేదు, మళ్లీ వెయ్యండి’ అని ఫోన్ చేసేవాళ్లు, మళ్లీ వేసేవాళ్లం. 2019 ఫిబ్రవరిలో నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ వచ్చాక ఛానల్‌కి ఇంతని లెక్క మొదలైంది, జనం కనెక్షన్లు తగ్గించుకున్నారు. యాడ్స్ తగ్గి లోకల్ ఛానల్ చూసుకునే మనిషికి జీతం ఇవ్వలేకపోయాను. ఉత్సవాన్ని ఇప్పుడు ఎవరో ఒక కుర్రాడు ఫోన్‌తో లైవ్ ఇస్తున్నాడు. మంచిదే, కానీ ఊళ్లో సగం మంది ముసలివాళ్లకి అది ఎక్కడ చూడాలో తెలియదు.

పనికొచ్చే మాట. పండగ పొద్దున ‘సిగ్నల్ లేదు’ అని వచ్చే ఫోన్లలో చాలా వాటికి కారణం కేబుల్ కాదు. మనవళ్లు రాత్రి స్మార్ట్ టీవీలో ఓటీటీ చూసి అలాగే కట్టేస్తారు. పొద్దున తాతగారు ఆన్ చేస్తే సెట్ టాప్ బాక్స్ బొమ్మ రాదు. టీవీ రిమోట్లో ఇన్‌పుట్ లేదా సోర్స్ అనే బటన్ నొక్కి, బాక్స్ ఏ హెచ్‌డీఎంఐలో పెట్టారో అది ఎంచుకోండి. ఆ బటన్ మీద ఎర్ర స్టిక్కర్ అంటించి పెద్దవాళ్లకి చూపించి వెళ్లండి. పండగకి ఊరొచ్చే పిల్లలందరికీ నా విన్నపం ఇది.

ఓరుగల్లు_తంగేడు

కేబుల్ మామా, మా అమ్మ వాళ్ల ఊళ్లో కేబుల్ తీసేశారు. నెలనెలా కట్టే పని లేకుండా కల్యాణం, బోనాలు వంటివి చూడాలంటే దారి ఏంటి? ఆమెకు స్మార్ట్ ఫోన్ వాడటం రాదు.

కేబుల్_మామ

నా వ్యాపారానికి అడ్డమే అయినా చెబుతానమ్మా. దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్ పెట్టించండి. గొడుగులాంటి డిష్, బాక్స్ ఒక్కసారి కొనుక్కోవాలి, నెల చందా ఉండదు. తెలంగాణ దూరదర్శన్ ఛానల్ డీడీ యాదగిరి వస్తుంది, ఆంధ్ర వాళ్లకి సప్తగిరి కూడా అందులోనే. పెట్టించాక ఛానళ్లు ఒకసారి స్కాన్ చేయించి, యాదగిరి ఏ నంబర్లో ఉందో పెద్ద అంకెల్లో రాసి టీవీ పక్కన గోడకి అంటించండి. నవమికి ఒక రోజు ముందు ఫోన్ చేసి, బొమ్మ వస్తోందో లేదో అమ్మని అడగండి.