పదకొండేళ్ల బిడ్డ ఉదారతను తల్లిదండ్రులు నలుగురిలో చెప్పుకోవచ్చా?

కాగితపు పడవ (చర్చ ప్రారంభం)

మా పక్కింటి అబ్బాయికి కాలి శస్త్రచికిత్స జరిగి కొన్ని వారాలుగా మంచం మీదే ఉన్నాడు. పగటిపూట అతనితో ఆడేవారెవరూ లేరని గమనించిన మా అమ్మాయి, వయసు 11 ఏళ్లు, ఎవరూ చెప్పకుండానే పాత అట్టముక్కలతో ఒక ఆట తయారుచేసి ఇచ్చి వచ్చింది. గళ్లు గీసి రంగులు వేయడం ఏ పిల్లలైనా చేస్తారు. ఈ ఆట ప్రత్యేకత ఏమిటంటే దీన్ని ఒక్కరే కూర్చుని ఆడుకోవచ్చు. ఎదుటి ఆటగాడి స్థానంలో ఒక చిన్న అట్టపెట్టె ఉంటుంది, దాని నిండా మడిచిన చీటీలు ఉంటాయి. అబ్బాయి తన వంతు ఆడాక ఒక చీటీ తీస్తే అందులో ‘పెట్టె రెండు గళ్లు ముందుకు నడిచింది’ అనో, ‘పెట్టెకు కోపం వచ్చింది, నీ గుండీని ఒక గడి వెనక్కి నెట్టింది’ అనో, ‘పెట్టెకు కునుకు పట్టింది, నువ్వే మళ్లీ ఆడు’ అనో రాసి ఉంటుంది. పావులు చొక్కా గుండీలు. పడుకుని ఆడేవాడు కదా, గుండీలు దుప్పట్లోకి దొర్లిపోతాయని అట్ట అంచులను నాలుగు వైపులా పైకి మడిచింది.

ఈ సంగతిని ఫొటోలతో సహా సామాజిక మాధ్యమంలో మా అమ్మాయి పేరు పెట్టి రాయాలని నా కోరిక. ‘ఇచ్చింది అది, చాటింపు నీదా?’ అని మావారు అభ్యంతరం చెబుతున్నారు. బిడ్డ మంచితనాన్ని చూసి పొంగిపోవడం తల్లికి సహజమైనప్పుడు, దాన్ని పైకి చెప్పుకోవడంలో తప్పేమిటో నాకు అర్థం కావడం లేదు. మీ అభిప్రాయాలు కారణాలతో సహా తెలియజేయగలరు.

పాత బడిపంతులు

అమ్మా, మీ అమ్మాయి చేసిన పని నిజంగా ముచ్చటైనది. అయినా నేను మీవారి పక్షమే. బడిలో ఈ వయసు పిల్లలకే చాలాకాలం పాఠాలు చెప్పిన అనుభవంతో పాటు, ఈ విషయంపై జరిగిన ప్రయోగాలు కూడా నన్ను అటే మొగ్గేలా చేస్తున్నాయి. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లలను ఎంచుకుని, వారిలో కొందరికి ‘బొమ్మ గీస్తే ప్రశంసాపత్రం ఇస్తాం’ అని ముందే చెప్పి గీయించారు. కొద్దిరోజుల తరువాత చూస్తే, ఖాళీ సమయంలో ఆ పిల్లలు బొమ్మలు గీసే వ్యవధి మిగతా పిల్లలతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. 1982లో థెరెసా అమాబిలే ప్రచురించిన మరో ప్రయోగంలో 7 నుంచి 11 ఏళ్ల బాలికలు రంగుకాగితాలు అతికించి బొమ్మలు చేశారు. మంచి బొమ్మలకు బహుమతులు ఇస్తామని చెప్పిన జట్టు చేసినవాటికన్నా, బహుమతులు లాటరీ తీసి ఇస్తామని చెప్పిన జట్టు చేసినవాటిలోనే ఎక్కువ సృజన ఉందని చిత్రకారులు తేల్చారు. ‘నా పనికి ఎవరో మార్కులు వేస్తారు’ అన్న ఎరుక కలిగిన క్షణం నుంచి పిల్లల చెయ్యి బిగుసుకుపోతుంది. మీరు తలపెట్టిన ప్రకటన కింద పడే మెచ్చుకోళ్ల లెక్క కూడా ఒక రకం మార్కులే.

ఇద్దరబ్బాయిల నాన్న

పంతులు గారూ, మీరు చెప్పిన మొదటి ప్రయోగంలో మూడో జట్టు ఒకటి ఉంది, దాన్ని మీరు ప్రస్తావించలేదు. ఏమీ ముందుగా చెప్పకుండా, బొమ్మ గీయడం పూర్తయ్యాక ప్రశంసాపత్రం ఇచ్చిన పిల్లల్లో ఆసక్తి తగ్గలేదు. పడవ గారి అమ్మాయి ఏదో ఆశించి ఆట తయారుచేయలేదు కాబట్టి, ఇప్పుడు వచ్చే మెప్పు ఆ మూడో జట్టుకు దక్కినలాంటిదే. 2008లో వార్నెకెన్, టొమసెల్లో 20 నెలల పసివాళ్లతో చేసిన ప్రయోగం ఇంకా స్పష్టంగా ఉంది. సాయం చేసినందుకు ఆటవస్తువు అందుకున్న పిల్లలు తరువాత సాయం చేయడం తగ్గించారు గానీ, కేవలం మాటలతో మెప్పు పొందినవారిలో అలాంటి తగ్గుదల కనిపించలేదు. అంటే చెడగొట్టేది బహుమతి తప్ప మెప్పు కాదు.

ఇంకొక మాట కూడా అడగాలి. మార్కులు వచ్చినా, పోటీలో కప్పు వచ్చినా అందరం ఊరంతా వినిపించేలా చెప్పుకుంటున్నాం. ఎదుటివాడి ఒంటరితనాన్ని కనిపెట్టి దానికి తగిన ఆటను ఊహించిన పిల్ల గురించి మాత్రం ‘గుప్తంగా ఉంచండి’ అంటున్నాం. మన ఇళ్లలో దేనికి విలువ ఉందో పిల్లలు నేర్చుకునేది మనం చెప్పే నీతుల నుంచి కాదు, మనం దేన్ని గొప్పగా చెప్పుకుంటున్నామో విని. దయ గురించి మౌనం పాటిస్తే, దయ మార్కులకన్నా తక్కువదనే వారికి అర్థమవుతుంది.

సాయంకాలం

ఇద్దరబ్బాయిల నాన్న గారి చివరి వాదన బలమైనదే, కానీ మెప్పు పొందిన పిల్ల వైపు నుంచి ఒక సంగతి చెప్పడానికి నాకు కొంత అర్హత ఉంది. చిన్నప్పుడు నేను పాత నోటుపుస్తకాలలో మిగిలిన తెల్లకాగితాలను కుట్టి, అట్టలు అంటించి, ఎవరి స్వభావానికి తగ్గట్టు వారికి బొమ్మ వేసి చిన్న పుస్తకాలు తయారుచేసి స్నేహితులకు ఇచ్చేదాన్ని. నత్తిగా మాట్లాడే ఒక అమ్మాయికి ఇచ్చిన పుస్తకంలో ప్రతి పుటలో ఒక పక్షి, దాని నోటి దగ్గర మాట రాసుకోవడానికి ఖాళీ బుడగ ఉండేవి. మా అమ్మ ఆ సంగతిని అభిమానంతో బంధువులందరికీ చెప్పింది. ఆ తరువాత ఇంటికి వచ్చిన ప్రతివారూ ‘మాకేదమ్మా?’ అని అడగడం, అమ్మ ‘రేపటికల్లా చేసిస్తుంది’ అని నా తరఫున మాట ఇచ్చేయడం మొదలైంది. పొగడ్త వల్ల నాకు గర్వం రాలేదు, ఆర్డర్లు వచ్చాయి. ఎవరి కోసమో తెలియకుండా చేసే పుస్తకాలలో ఏ బొమ్మ వేయాలో తోచక అన్నింటిలో ఒకే పువ్వు వేసి ఇచ్చేదాన్ని, కొంతకాలానికి పూర్తిగా మానేశాను.

కనుక నాకు కనిపించే ప్రమాదం గర్వం రావడం కాదు. ఇవ్వాలా వద్దా, ఎవరికి ఇవ్వాలి అని నిర్ణయించుకునే హక్కు పిల్ల చేతిలోంచి జారిపోవడమే ప్రమాదం. ఈ అమ్మాయి ఆటలోని తెలివంతా ఆ ఒక్క అబ్బాయిని దృష్టిలో పెట్టుకోవడంలోంచి వచ్చింది. మడిచిన అంచులు అతని దుప్పటి కోసం, కునికే పెట్టె అతనికి నవ్వు రావాలని. ఉదారత, సృజన అని మనం రెండు పేర్లు పెట్టి మెచ్చుకుంటున్నాం గానీ, ఇక్కడ రెండూ ఒకే చూపు. ఆ చూపును అబ్బాయి మీద నుంచి మెచ్చుకునే జనం మీదికి మళ్లిస్తే రెండూ ఒకేసారి దెబ్బతింటాయి.

ఇద్దరబ్బాయిల నాన్న

సాయంకాలం గారూ, మీ అనుభవంలో తప్పంతా మీ అమ్మగారు మాట ఇవ్వడంలో ఉంది, చెప్పుకోవడంలో లేదు. ఆ రెండింటినీ వేరుచేయవచ్చు.

సాయంకాలం

చెప్పినంత తేలికగా వేరుచేయలేమండీ. నలుగురూ విన్నాక ‘ఇంకోటి చేయలేదా?’ అని అడగకుండా ఉండటం పెద్దవాళ్లకు చేతకాదు.

తటస్థుడు

మెప్పు మంచిదా చెడ్డదా అన్న వాదనలో పిల్ల వయసు మరుగున పడుతోంది. 1980లో జోన్ గ్రుసెక్, ఎరికా రెడ్లర్ ప్రచురించిన పరిశోధనలో, ‘మంచి పని చేశావు’ అనడానికీ, ‘నువ్వు ఇతరులకు సాయపడే మనిషివి’ అనడానికీ ఉన్న తేడా ఎనిమిదేళ్ల ప్రాంతంలోని పిల్లలలో బాగా కనిపించింది. రెండో రకం మాట విన్నవారే తరువాత కూడా ఎక్కువ ఉదారంగా ప్రవర్తించారు. ఐదేళ్ల పిల్లలలో గానీ, పదేళ్లు వచ్చినవారిలో గానీ ఆ తేడా అంతగా లేదు. అంటే పదకొండేళ్ల అమ్మాయి విషయంలో మెప్పు మాటను ఎలా పేర్చాలా అని తలబద్దలు కొట్టుకోనక్కరలేదు. ‘అద్భుతం, మహాద్భుతం’ అని ఊదరగొట్టకపోతే చాలు. ఎందుకంటే 8 నుంచి 12 ఏళ్ల పిల్లలతో ఎడ్డీ బ్రుమెల్‌మన్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగంలో, తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉన్న పిల్లలకు అతిశయోక్తులతో మెప్పు అందితే వారు ఆ తరువాత కష్టమైన బొమ్మల జోలికి పోకుండా తేలికైనవే ఎంచుకున్నారు.

అయితే ఇవన్నీ ఎదురుగా నిలబడి మెచ్చుకునే మాటల గురించి జరిగిన ప్రయోగాలు. పడవ గారు అడిగింది వేరు. ఫొటోతో, పేరుతో, ఎవరెవరు చూస్తారో తెలియని చోట పెట్టడం గురించి అడిగారు. ఆ ప్రశ్నకు మనస్తత్వశాస్త్రం కన్నా హక్కుల వైపు నుంచి జవాబు వెతకడం సబబు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణం పిల్లల వ్యక్తిగత జీవితంలో అనవసర జోక్యం కూడదంటుంది. 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాలలో పిల్లల అభిప్రాయానికి వారి వయసును, పరిణతిని బట్టి విలువ ఇవ్వాలంటుంది. ఇంతవరకూ ఈ చర్చలో ఆ అమ్మాయి ఏమంటుందో ఎవరూ అడగలేదు. ఇక ఆ అబ్బాయి సంగతి సరేసరి. ‘పగలంతా తోడు లేని రోగి’గా తన గురించి నలుగురూ చదువుకోవడం అతనికి ఎలా ఉంటుంది? ఒకరి ఉదారతను వర్ణించాలంటే రెండోవారి లేమిని వర్ణించక తప్పదు.

కాగితపు పడవ

తటస్థుడు గారి చివరి వాక్యం నన్ను ఆలోచింపజేసింది, కానీ ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. నేను రాయాలా వద్దా అని మీతో తర్కిస్తుండగానే ఆ అబ్బాయి వాళ్లమ్మ తనంతట తానే వీధిలో అందరికీ ఈ ఆట గురించి చెప్పేశారు, చూడటానికి వచ్చినవారితో అబ్బాయి స్వయంగా ఆడించి మరీ చూపిస్తున్నాడట. కన్నతల్లిని నేను నోరు మూసుకుని ఉండగా, పక్కింటావిడ నిస్సంకోచంగా పొగుడుతున్నారు. ఇదేం న్యాయం?

పాత బడిపంతులు

అదే సరైన న్యాయమమ్మా. పుచ్చుకున్నవారు చెబితే అది కృతజ్ఞత అవుతుంది. ఇచ్చినవారి తరఫున చెబితే, ఎంత వినయంగా చెప్పినా, అవతలివారి మీద కొద్దిపాటి రుణభారం మోపినట్టు అవుతుంది. ఆ అబ్బాయి తన ఆటను తానే చూపిస్తున్నాడంటే అతను అక్కడ రోగి కాదు, ఆట తెలిసినవాడు. మీ ప్రకటనలో ఆ స్థానం అతనికి దక్కదు.

మరొక విషయం. మీ సంతోషాన్ని దాచుకోమని నేను అనడం లేదు. పిల్లలకు మన పొగడ్తల కన్నా మన ప్రశ్నలే ఎక్కువ తృప్తినిస్తాయని బడిలో పదే పదే చూశాను. ‘బాగుంది’ అన్నప్పుడు తలవంచుకుని వెళ్లిపోయే పిల్ల, ‘పెట్టెకు కోపం వచ్చే చీటీలు ఎక్కువైతే ఆడేవాడు విసుగెత్తిపోడా?’ అని అడిగితే అక్కడే కూర్చుని గంటసేపు వివరిస్తుంది.

ఇద్దరబ్బాయిల నాన్న

పంతులు గారి భేదం వినడానికి బాగుంది గానీ, ఆచరణలో అది తల్లిదండ్రులకు మాత్రమే వేసే శిక్ష. పక్కింటివారు చెప్పవచ్చు, ఉపాధ్యాయులు చెప్పవచ్చు, కన్నవారు మాత్రం గంభీరంగా ఉండాలి! పెద్దయ్యాక ‘మా ఇంట్లో ఏనాడూ నన్ను నలుగురిలో మెచ్చుకోలేదు’ అని బాధపడేవారు మనలో ఎంతమంది లేరు? నా తండ్రి నా గురించి ఇతరుల దగ్గర గొప్పగా చెప్పేవాడని ఆయన పోయాక ఆయన స్నేహితుల ద్వారా తెలిసింది. ఆ మాట నా చెవిన అప్పుడే పడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. పేరు, ఫొటో వద్దంటే ఒప్పుకుంటాను. ఆ అబ్బాయి ప్రస్తావన వద్దన్నా ఒప్పుకుంటాను. అసలు చెప్పుకోవడమే కూడదంటే మాత్రం ఒప్పుకోను.

తటస్థుడు

నాన్న గారూ, మీరు కోరుకున్నది మీ చెవిన పడాలని. అందుకు ఇంట్లో, మీ ఎదురుగా, మీకు తెలిసిన ఇద్దరు ముగ్గురి ముందు చెప్పినా సరిపోయేది కదా.

ఇద్దరబ్బాయిల నాన్న

సరిపోయేది. అది కూడా జరగలేదనే నా బాధ.

కాగితపు పడవ

నిన్న రాత్రి మా అమ్మాయిని అడిగాను. మీ వాదనలేవీ దానికి చెప్పలేదు. ‘నీ ఆట గురించి అందరికీ రాయనా?’ అని మాత్రమే అడిగాను. అది కాసేపు ఆలోచించి, ‘ఆట ఎలా తయారుచేయాలో రాయి, ఎవరికైనా ఉపయోగపడుతుంది. నా గురించి ఎందుకు?’ అంది. అంతటితో ఊరుకోక, ఫొటో పెట్టాల్సివస్తే ఇప్పుడున్న అట్ట వద్దు, దానిలో ఒక గడి వంకరగా వచ్చింది, మళ్లీ గీసి ఇస్తానంది. పంతులు గారు భయపడినట్టు చెయ్యి బిగుసుకోవడమంటే ఇదేనేమో తెలియదు, లేక తన పని మీద తనకున్న పట్టింపేనేమో. నేను మాత్రం వంకర గడి అలాగే ఉండనివ్వమన్నాను, అది ఒప్పుకోలేదు.

పేరు, ఫొటో, పక్కింటి ప్రస్తావన లేకుండా తయారీ విధానం మాత్రమే రాయడానికి మావారు కూడా సరేనన్నారు. పంతులు గారి ప్రశ్నను కూడా దాని ముందుంచాను. కోపం చీటీలు, కునుకు చీటీలు సరిసమానంగానే వేసిందట. అయితే పెట్టె వరుసగా మూడుసార్లు గెలిస్తే ఆడేవాడు ఒక కోపం చీటీని చించేయవచ్చని కొత్త నియమం పెట్టింది. అలా చించుకుంటూ పోతే కొన్నాళ్లకు కోపం చీటీలే మిగలవు కదా అని అడిగితే, అప్పటికి వాడు లేచి నడుస్తాడులే అంది.

సాయంకాలం

తయారీ విధానం రాసినప్పుడు ఈ నియమం తప్పక చేర్చండి. చదివినవారెవరైనా ‘మాకూ ఒకటి చేసిపెట్టమనండి’ అంటే మాత్రం మీరు మాట ఇవ్వకండి.

కాగితపు పడవ

ఇప్పటికే ఇద్దరు అడిగారు. కత్తెర, అట్ట ఇస్తాను, మీ పిల్లలనే పంపించమన్నాను.