ఆకలి మీద అవగాహన కోసం 200 మందికి భోజనం: సరుకులు, కూపన్ల లెక్క చెప్పగలరా?

కాలనీ కమిటీ, విజయవాడ
అక్టోబరు 16 ప్రపంచ ఆహార దినోత్సవం కదా. ఆ వారంలో వచ్చే ఆదివారం మా కమ్యూనిటీ హాల్లో మధ్యాహ్న భోజనం పెట్టి, కూపన్ల డబ్బు పిల్లల పోషకాహారం మీద పనిచేసే సంస్థకి ఇద్దామనుకుంటున్నాం. కూపన్ 200 రూపాయలు. పులిహోర, బూరెలు, రెండు కూరలు, పప్పు, సాంబారు, పెరుగు అనుకున్నాం. సరుకులు ఎంత తేవాలి? ఉత్త విందులా అయిపోకుండా ఏం చెయ్యాలి?

గుండిగ గరిటె
ముందు బూరెలు, పులిహోర తీసెయ్యండి. బూరెలకి వేరే బాణలి, వేరే నూనె, ఇద్దరు మనుషులు. పైగా ఇంటికెళ్లాక జనం బూరెల గురించే మాట్లాడుకుంటారు. అన్నం, టమాటా పప్పు, వంకాయ కూర, సాంబారు, పచ్చడి, మజ్జిగ చాలు.

బియ్యం 26 కిలోలు (కిలోకి ఎనిమిది మంది, ఒక కిలో చేతిలో). కందిపప్పు పప్పుకి 6, సాంబారుకి 3 కిలోలు. వంకాయలు 18 కిలోలు, పచ్చడి 2 కిలోలు, మజ్జిగకి పెరుగు 12 లీటర్లు, విస్తళ్లు 220. 19 కిలోల సిలిండర్లు రెండు, పక్కన నిండుగా మూడోది.

బియ్యమంతా ఒకే గుండిగలో పోస్తే అడుగున ముద్ద, పైన పలుకు. మూడు వాయిలుగా వండండి. మూడో వాయికి ఎసరు పెట్టేముందు గేటు దగ్గర చింపిన కూపన్లు లెక్కపెట్టండి. మంది తగ్గితే ఆ బియ్యం బియ్యంగానే మిగులుతుంది. పప్పు మెత్తబడకముందే టమాటా వేస్తే పులుపుకి పప్పు బిగుసుకుపోతుంది, ఎంతసేపు మంట పెట్టినా పలుకే.

బఫే వద్దు. బంతికి 50 మంది, నాలుగు బంతులు, ఒక్కోదానికి అరగంట. వడ్డనకి ఎనిమిది మంది. మొదట ఒక గరిటె, అడిగితేనే రెండోది.

చిట్టా ఆవర్జా
షామియానా, గిన్నెల అద్దె, వంటవాళ్ల కూలి మంది తగ్గినా తగ్గవు. ముందు వీటికి దాతల్ని చూసుకోండి. సరుకుతో కలిపి ప్లేటుకి 80 పడిందనుకుంటే 200 మంది మీద మిగిలేది 24,000. అద్దె, కూలి ఎవరైనా భరిస్తే అంతకంటే ఎక్కువే. కూపన్ల మీద వరుస నంబర్లు, పుస్తకంలో సగం ముక్క ఉండాలి. అమ్మకం గురువారంతో ఆపండి, శుక్రవారం సరుకు తేవాలి.

క్యూఆర్ కోడ్ కమిటీ సభ్యుడి సొంత ఖాతాది పెట్టకండి. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. విరాళానికి పన్ను మినహాయింపు వచ్చే రసీదు (80జి) ఇస్తామని తొందరపడి చెప్పొద్దు. తిన్న భోజనం విలువ విరాళం కాదు, నగదు 2,000 దాటితే మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి అసలే లేదు. విడిగా ఇచ్చేవాళ్ల సొమ్ము నేరుగా ఆ సంస్థ ఖాతాకే వెళ్లనివ్వండి.

తూకం రాయి
అవగాహన అంటే ఉపన్యాసం పెడతారు, ఆకలితో కూర్చున్నవాళ్లు ఎవరూ వినరు. గుమ్మం దగ్గర బల్ల మీద కాటా పెట్టండి. ఆహార భద్రతా చట్టం (2013) కింద మామూలు రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, అంటే రోజుకి సుమారు 167 గ్రాములు. ఆ రోజు బియ్యం తూచి ఒక పళ్లెంలో, అన్నే బియ్యం వండిన అన్నం ఇంకో పళ్లెంలో పెట్టండి. ఆ చట్టం కింద పప్పు రాదు కాబట్టి పక్కన పప్పు గిన్నె ఖాళీగా ఉంచండి. తెలంగాణలో అయితే 6 కిలోలు, 200 గ్రాములు.

గోడమీద ఒక్క అంకె చాలు: ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రలో 31.2 శాతం (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21).

బంతి లేచాక విస్తళ్లలో వదిలేసిన అన్నం కూడా అదే కాటా మీద తూచి బోర్డు మీద రాయండి. రెండో బంతి నుంచి వదిలేది తగ్గుతుంది.

కాలనీ కమిటీ, విజయవాడ
బూరెలు తీసేశాం, ఇంట్లో అక్షింతలు పడ్డాయి. మిగిలితే దగ్గర్లోని నైట్ షెల్టర్‌కి సాయంత్రం పంపొచ్చా?

గుండిగ గరిటె
సాయంత్రం దాకా ఆగొద్దండీ. వాళ్లతో ముందే మాట్లాడి, వండిన రెండు గంటల్లోపు చేర్చి అప్పుడే తినిపించాలి. అన్నంలో ఒక సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు, గోరువెచ్చగా ఉంటే పెరిగి విషం వదులుతాయి, మళ్లీ వేడిచేసినా అది పోదు. వడ్డన బకెట్లో తిరిగింది ఇవ్వకండి, గుండిగలో చెయ్యి తగలనిదే ఇవ్వండి. బండి ఎవరిదో, తోలేది ఎవరో శనివారమే ఖాయం చేసుకోండి.