కాలనీ రోడ్ల మీద బండ్ల స్పీడు: బ్రేకర్లు వెయ్యాలా, వెనక గేటు ముయ్యాలా?

రెండో_వీధి:
మాది మల్కాజిగిరి వైపు పాత కాలనీ, 30 అడుగుల రోడ్లు, అందులో రెండు పక్కలా కార్లు పార్కింగు. మెయిన్ రోడ్డు జామ్ అయితే చాలు బండ్లన్నీ మా వీధిలో దూరి వెనక బస్తీ మీదుగా అవతలికి పోతున్నాయి. సాయంత్రం పూట పిల్లల్ని గుమ్మం దాటనివ్వాలంటే భయం, మా వాడి సైకిల్ మెట్ల కింద దుమ్ము పట్టి ఉంది. పోయిన వారం మా వీధిలోనే ఒకళ్ళ కుక్కని బైకు గుద్ది కాలు విరిగింది, వాడు ఆగను కూడా ఆగలేదు. నేననేది ఏంటంటే చందాలు వేసుకుని రెండు సిమెంటు స్పీడ్ బ్రేకర్లు మనమే పోయించుకుందాం, వెనక గేటుకి సాయంత్రాలు తాళం వేద్దాం. మీ కాలనీల్లో ఏం చేశారో చెప్పండి.

రిటైర్డ్_ఓవర్సీర్:
దయచేసి మేస్త్రీని పిలిచి పోయించకండి. స్పీడ్ బ్రేకర్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ఉంది, పైన గుండ్రంగా, వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. దాని మీద 25 కిలోమీటర్ల స్పీడులో బండి సాఫీగా ఎక్కి దిగుతుంది, అంతకు మించితేనే కుదుపు. మన వాళ్ళు పోసేది అడుగు వెడల్పు, జానెడు ఎత్తు. పెద్ద కారు వాడికి అది లెక్కే కాదు, స్కూటీ వెనక కూర్చున్న పెద్దావిడకి నడుము పోతుంది. 40 మీటర్ల ముందు బోర్డు, పైన నలుపు తెలుపు చారలు ఉండాలి, చారలు లేనిది వాన రాత్రి అసలు కనపడదు.

నైట్_షిఫ్ట్:
అసలు రోడ్డు ఆడుకునే చోటా? కుక్కకి బెల్టు వేసి పట్టుకోవాలి కదా. అన్నీ బండి వాడి మీద తోసేస్తే ఎలా.

సిమ్మీ_వాళ్ళమ్మ:
ఆ కుక్క మాదే. బెల్టు వేసే ఉంది, బెల్టు నా చేతిలోనే ఉంది. రోడ్డు వారన మా గోడకి ఆనుకుని నడుస్తుంటే ఎదురుగా వస్తున్న కారుని తప్పించబోయి బైకు మా మీదికి వచ్చింది, నేను వెనక్కి పడ్డాను, దాని కాలు టైరు కింద పడింది. లోపల ప్లేటు వేసి కట్టు కట్టారు. ఇప్పుడు బైకు చప్పుడు వినపడితే మంచం కిందికి దూరిపోతోంది. స్టేషన్‌కి వెళ్తే "కుక్కే కదమ్మా" అన్నారు, అదే చోట అదే టైముకి పక్కింటి పాప ట్యూషన్‌కి నడిచి వెళ్తుంది అని చెప్పినా రాసుకోలేదు.

నైట్_షిఫ్ట్:
కుదుటపడాలని కోరుకుంటున్నా మేడం. కానీ పిల్లలకి పార్కు ఉండగా రోడ్డు మీద క్రికెట్ ఏంటనేదే నా పాయింటు.

సిమ్మీ_వాళ్ళమ్మ:
ఏ పార్కండి? మా లేఅవుట్‌లో పార్కుకి వదిలిన జాగాలో సగం వాటర్ ట్యాంకు, మిగతా సగం అసోసియేషన్ ఆఫీసు. ఆ పిల్లలు ఎక్కడ ఆడాలో మీరే చెప్పండి. పోనీ ఆడరు, స్కూల్ వ్యాన్ దిగి ఇంటికి నడవాలా వద్దా?

బోడుప్పల్_బావ:
మా దగ్గర రబ్బరు బ్రేకర్లు బిగించారు. బోల్టులు ఊడి ఇప్పుడు టైర్లకి గుచ్చుకుంటున్నాయి. వద్దు.

లెక్కల_మాస్టారు:
స్పీడు ఎంత అనేదే అసలు ప్రశ్న. హైదరాబాద్‌లో కాలనీ రోడ్లకి గంటకి 30 కిలోమీటర్లే అని 2022లోనే పెట్టారు, మన వీధుల్లో ఒక్క బోర్డు ఉందా? 30లో పోయేవాడు పిల్లని చూసి బ్రేకు తొక్కి ఆగడానికి ఇంచుమించు 13 మీటర్లు పడుతుంది, 50లో పోయేవాడికి 28 దాకా పడుతుంది. ఆగి ఉన్న కారు వెనక నుంచి పిల్ల బయటికి వచ్చేది పది మీటర్ల లోపే. హారన్ కొట్టాను కదా అనే వాళ్ళకి ఇది చెప్పండి.

రిటైర్డ్_ఓవర్సీర్:
అందుకే 3.7 మీటర్లది వెయ్యాలంటున్నా.

వెనక_బస్తీ:
అన్నా నేను గా గేటు అవతల్నే ఉంట. బ్రేకర్లు ఏస్కోండ్రి, మంచిదే, మా పోరగాళ్ళు గూడ గదే తొవ్వల బడికి పోతరు. గని గేటు బంద్ జేసుడేంది? మా అమ్మకు వారానికి మూడు సార్లు డయాలసిస్, ఆటో గా గేట్ల కెళ్ళే వస్తది. బంద్ జేస్తె నాల మీదికెళ్ళి సుట్టు తిరిగి రావాలె, వానొస్తె నాల పొంగి గా తొవ్వ గూడ ఉండది. మా తమ్ముడు డెలివరీ జేస్తడు. పాలు పది నిమిషాల్ల రావాలని ఆర్డర్ వెట్టేది మీరే, జర లేటయితె రేటింగ్ తక్కువిచ్చేది మీరే, మల్ల స్పీడ్‌గ వచ్చిండని తిట్టేది మీరే.

రెండో_వీధి:
తమ్ముడూ ఎవరినీ తిట్టట్లేదు. అటు నుంచి వచ్చే బండ్లే ఎక్కువ అన్నది మాత్రం నిజం. ముక్కూ మొహం తెలియని వాళ్ళు రాత్రిళ్ళు కూడా తిరుగుతున్నారు, మొన్న ఒకళ్ళ బ్యాటరీ పోయింది. మేం ప్లాట్లు కొన్నప్పుడు డబ్బు పోసి వేయించుకున్న రోడ్లివి, గేటు పెట్టుకునే హక్కు మాకు లేదా?

లెక్కల_మాస్టారు:
లేదు సార్. అప్రూవ్డ్ లేఅవుట్ అయితే రోడ్లూ పార్కు జాగా మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ రాసి ఇచ్చేస్తారు. తర్వాత అది అందరి రోడ్డు. స్పీడ్ బ్రేకర్ కూడా సొంతంగా పోస్తే రేపు ఎవడైనా పడితే కేసు పోయించిన వాళ్ళ మెడకే. మీరు స్పీడు అని మొదలుపెట్టి బ్యాటరీ దొంగల దాకా వచ్చారు.

రెండో_వీధి:
పిల్లలకి ఏదైనా అయ్యాక గిఫ్ట్ డీడ్ చూపిస్తారా? మీ ఇంటి ముందు అయితే ఇలాగే మాట్లాడతారా?

సిమ్మీ_వాళ్ళమ్మ:
ఇక చెప్పక తప్పట్లేదు. మా ఇంటి కెమెరాలో ఆ బైకు క్లియర్‌గా పడింది. అది బస్తీ నుంచి రాలేదు, డెలివరీ వాళ్ళదీ కాదు. మా కాలనీ పిల్లాడే, ఇంకా ఇంటర్, లైసెన్స్ వచ్చే వయసే కాదు, వెనక ఇంకో ఇద్దరు. అసోసియేషన్‌లో చూపిస్తే "మనవాడే కదా, చదువుకునే పిల్లాడు, వదిలేయండి" అన్నారు. ఆ మాట అన్నవాళ్ళలో మీరూ ఉన్నారు రెండో వీధి గారూ. వెంటనే ఇక్కడికి వచ్చి గేటు ముయ్యాలంటున్నారు.

వెనక_బస్తీ:
గిదీ సంగతి. మా దిక్కు పోరడు గుద్దితె గిట్లనే ఇడిసిపెడుతుండెనా అన్నా? స్టేషన్ల గూసోబెడుతుండె.

రెండో_వీధి:
ఒక పిల్లాడి జీవితం పాడు చేయడం ఇష్టం లేక అన్నాను. దానికీ గేటుకీ సంబంధం లేదు. రోజూ పోయే వందల బండ్ల సంగతి ఏంటి?

లెక్కల_మాస్టారు:
సంబంధం ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు 199ఏ అని సెక్షన్ పెట్టారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రికో బండి ఓనర్‌కో మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ ఉండదు. తాళం చెవి ఇచ్చే తండ్రి ఆ ఒక్క సంగతి తెలిసినా ఇవ్వడు. మీరు దాన్ని దాచిపెట్టి, తప్పు చేయని వాళ్ళ దారి ముయ్యమంటున్నారు.

నైట్_షిఫ్ట్:
కేసు దాకా ఎందుకండి, వాళ్ళ నాన్నని పిలిచి కుక్క ఆస్పత్రి ఖర్చు ఇప్పించండి.

సిమ్మీ_వాళ్ళమ్మ:
ఖర్చు నేను అడగలేదు. ఆ అబ్బాయి నిన్న సాయంత్రం కూడా అదే బైకు మీద అదే స్పీడుతో మా ఇంటి ముందు నుంచి పోయాడు. నాకు కావాల్సింది అది ఆగడం. ఈ వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ట్రాఫిక్ పోలీసులకి ఇస్తున్నా. సోమవారం ప్రజావాణిలో అర్జీ పెడుతున్నా, మా వీధికి కొలత ప్రకారం రెండు బ్రేకర్లు, 30 బోర్డు కావాలని. గేటు మాట అందులో ఉండదు.

రిటైర్డ్_ఓవర్సీర్:
అర్జీ డ్రాఫ్ట్ నాకు పంపండమ్మా, కొలతలు, ఏ ఇంటి ముందు వస్తే నీళ్ళు నిలవవో నేను స్కెచ్ గీసి ఇస్తా. ఇంజనీరింగ్ సెక్షన్‌లో స్కెచ్ లేకపోతే పక్కన పడేస్తారు.

వెనక_బస్తీ:
అక్కా మా దిక్కు సంతకాలు నేను తెస్త. ఎన్ని గావాలె?

సిమ్మీ_వాళ్ళమ్మ:
ఎన్ని దొరికితే అన్ని తెండి బాబూ. మీ అమ్మగారి ఆటో సంగతి కూడా రాయిస్తా.

రెండో_వీధి:
గేటు లేని అర్జీ మీద నేను సంతకం పెట్టను. ఆదివారం మీటింగులో తేల్చుకుందాం.